శిశువుల తోటమాలి – ఫ్రోబెల్

చిన్నపిల్లలు మొదటిసారి బడికి వచ్చినప్పుడు ఉపాధ్యాయురాలు వారి చేతికి రంగుకాగితములు, మట్టిముద్ద, కొయ్యదిమ్మలు ఇచ్చుట నేడు మనకు వింత కాదు. పిల్లలు కాగితమును మడచి పడవ చేయుదురు. మట్టితో మామిడిపండు చేయుదురు. దిమ్మలు పేర్చి ఇల్లు కట్టుదురు. ఇదియంతయు చదువులోని భాగమే యని పెద్దలు అంగీకరించుచున్నారు. కాని రెండువందల సంవత్సరములకు పూర్వము ఐరోపా ఖండపు పాఠశాలలలో ఇట్టి దృశ్యము మిక్కిలి అరుదు. పసిబిడ్డ బల్లమీద కదలక మెదలక కూర్చుండి, అర్థము తెలిసినను తెలియకున్నను పాఠమును వల్లించుటయే చదువనిపించుకొనుచుండెను. ఆట కాలహరణమని పెద్దలు తలచుచుండిరి. ఆటయే శిశువునకు తగిన పని యనియు, చేయి సృష్టించుచున్నప్పుడే మనస్సు వికసించుననియు నమ్మి, ఆ నమ్మకమునకై తన జీవితమును ధారపోసిన మహాశయుడు ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్.

జర్మనీ దేశపు మధ్యభాగమున తురింగియా అను అడవులసీమ కలదు. అందలి ఓబర్‌వైస్‌బాఖ్ అను గ్రామమున 1782వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీన ఫ్రోబెల్ జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. పెక్కు పల్లెల భారము ఆయనపై నుండుటచే ఇంటిపట్టున ఉండుటకు తీరిక లేకుండెను. బిడ్డకు తొమ్మిది నెలల ప్రాయమున తల్లి మరణించెను. కొంతకాలమునకు సవతితల్లి వచ్చెను. మొదట ఆమె బాలుని ఆదరముతోనే చూచెను. తనకొక బిడ్డ కలిగిన పిమ్మట ఆమె మనస్సు మారిపోయెను. జర్మను భాషలో తల్లి బిడ్డను ప్రేమతో పిలుచుటకు 'నీవు' అను అర్థమిచ్చు చనువుమాట యొకటి కలదు. ఆమె ఆ మాటను మానివేసి, ఎదుట నిలిచియున్న బాలునితోనే 'అతడు' అని పరాయివానిని గూర్చి పలికినట్లు పలుకసాగెను. ఆ చిన్నమాట బాలుని హృదయమున ముల్లువలె నాటుకొనెను. నలువదియైదేండ్ల వయస్సున తన జీవితవృత్తాంతమును వ్రాసికొనుచున్నప్పుడు గూడ ఫ్రోబెల్ దానిని మరువలేదు.

తోడులేని ఆ బాలునకు ఇంటిచుట్టునున్న తోటయు, ఎదుటనున్న కొండలును నేస్తములైనవి. ఒకప్పుడు పనివారు ఇంటికి దగ్గరనున్న దేవాలయమును బాగుచేయుచుండిరి. బాలుడు వారి పనిని చూచి చూచి, తానును అట్టి కట్టడము కట్టవలెనని ఉబలాటపడెను. చేతికందిన కొయ్యముక్కలను, రాళ్లను ప్రోగుచేసి పేర్చి చూచెను. ఒకటి పొడవు, ఒకటి పొట్టి. ఒకటి నున్నన, ఒకటి గరుకు. ఎంత ప్రయత్నించినను కట్టడము నిలువలేదు. కట్టవలెనను కోరిక పిల్లలలో నుండుట సహజమనియు, దానికి తగిన సామగ్రిని పెద్దలు సమకూర్చవలె ననియు ఆయన పెద్దవాడైన పిదప గ్రహించెను. నేడు లోకమందలి బాలురు ఆడుకొను కొయ్యదిమ్మల కథకు మొదలు ఆ కూలిపోయిన ఆటకట్టడమే యనవచ్చును.

తండ్రి తన కుమారుడు మందబుద్ధి యని తలచెను. పదేండ్లు నిండిన పిమ్మట మేనమామ హాఫ్‌మన్ ఆ బాలుని స్టాట్‌ఇల్మ్ అను పట్టణములోని తన ఇంటికి తీసికొనిపోయెను. అచ్చట ప్రేమయు స్వేచ్ఛయు లభించెను. తోడిపిల్లలతో ఆడుకొనుటకు అవకాశము కలిగెను. వాడిపోయిన మొక్కకు నీరు పోసినట్లు బాలుడు తేరుకొనెను. పదునైదవ ఏట ఆయన అటవీశాఖ అధికారి యొకని వద్ద పనినేర్చుకొనుటకు కుదిరెను. గురువు శ్రద్ధ చూపకున్నను అడవియే గురువయ్యెను. చెట్లను, పూవులను, నేలకొలతలను ఆయన స్వయముగా అభ్యసించెను.

1799లో యేనా విశ్వవిద్యాలయమున చేరెను. చేతనున్న కొద్దిపాటి ధనమును అన్నకు అప్పిచ్చి, తాను ఋణగ్రస్తుడై, విశ్వవిద్యాలయపు చెరసాలలో తొమ్మిది వారములు గడపెను. పిమ్మట నేలలు కొలుచు ఉద్యోగము, లెక్కలు వ్రాయు ఉద్యోగము మొదలగు పెక్కు పనులు చేసి ఎందును నిలుకడ గాంచలేదు. తుదకు గృహనిర్మాణశిల్పి కావలెనని 1805లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరము చేరెను. అచ్చట ఒక ఆదర్శపాఠశాలకు ప్రధానోపాధ్యాయుడైన గ్రూనర్ ఆ యువకుని స్వభావమును కనిపెట్టి, శిల్పివృత్తిని మాని ఉపాధ్యాయుడవు కమ్మని ప్రోత్సహించెను. ఫ్రోబెల్ సంశయముతోనే తరగతిలో అడుగిడెను. పిల్లల నడుమ నిలిచిన తోడనే, నీటిలో విడిచిన చేపకు కలిగెడు సంతోషము ఆయనకు కలిగెను. ఇండ్లు కట్టదలచినవాడు ఇక మనుష్యులను తీర్చిదిద్దుటకు పూనుకొనెను.

ఆ కాలమున స్విట్జర్లాండులోని ఇవర్డన్ పట్టణమున పెస్టలోజీ అను విద్యావేత్త నూతనపద్ధతిలో పాఠశాలను నడుపుచుండెను. మాటకంటె ముందు వస్తువును చూపవలెననుట ఆయన సిద్ధాంతము. ఫ్రోబెల్ 1808 మొదలు 1810 వరకు తన శిష్యులు మువ్వురతో అచ్చట నివసించి, ఆ పద్ధతిని కన్నులార చూచెను. గురువుపై భక్తి కలిగినను, ఆయనకొక వెలితి తోచెను. బిడ్డ వస్తువును చూచుటతో ఆగిపోరాదు. చూచినదానిని తన చేతులతో మరల సృష్టింపవలెను. ఆయన జీవితమంతయు ఈ ఒక్క ఆలోచన చుట్టును తిరిగినది.

తరువాత ఆయన బెర్లిను నగరమున వైస్ అను ఆచార్యుని వద్ద ఖనిజశాస్త్రమును చదివెను. నెపోలియనుపై యుద్ధము చెలరేగగా 1813లో స్వచ్ఛంద సైనికుడుగా చేరెను. ఆ దళమునందే మిడెన్‌డార్ఫ్, లాంగెతాల్ అను ఇరువురు యువకులు ఆయనకు ఆజన్మమిత్రులైరి. యుద్ధానంతరము ఖనిజ ప్రదర్శనశాలలో సహాయకుడుగా ఉండి, స్ఫటికములను వేరుపరచి అమర్చుచుండెను. మూగరాయి కూడ ఒక నియమమునకు లోబడి, అంచు అంచును, కోణము కోణమును పోలునట్లు లోపలినుండి పెరుగుట చూచి ఆయన ఆశ్చర్యపడెను. రాతికి గల నియమము మొక్కకు లేదా? మొక్కకు గలది శిశువునకు లేదా? బోధకుడు పైనుండి రూపమును రుద్దువాడు కాడు, లోపలనున్న రూపము వెలువడుటకు తోడ్పడువాడని ఆయన నిశ్చయించుకొనెను.

ఇంతలో ఆయన సోదరుడు క్రిస్టోఫ్ రోగపీడితులైన సైనికులకు సేవచేసి, ఆ జ్వరము తనకు సోకి మరణించియుండెను. అతని భార్య ముగ్గురు బిడ్డలతో దిక్కులేక యుండెను. 1816లో ఫ్రోబెల్ బెర్లినులోని ఉద్యోగమును విడిచివచ్చి, అన్నదమ్ముల బిడ్డలు ఐదుగురితో ఒక చిన్న పాఠశాలను తెరచెను. మరుసటి యేడు అది కైల్‌హౌ అను పల్లెకు మారెను. మిత్రులిద్దరును వచ్చి చేరిరి. అచ్చట బాలురు చదువుతోపాటు తోటపని చేయుచుండిరి. కొయ్యతో, మట్టితో, కాగితముతో వస్తువులు తయారుచేయుచుండిరి. విద్యార్థులు క్రమముగా అరువదిమంది వరకు పెరిగిరి. కాని అవి ప్రభువులు ప్రతి కొత్త ఆలోచనయందును విప్లవమును శంకించు దినములు. కైల్‌హౌపై అనుమానము పడెను. తనిఖీకి వచ్చిన అధికారి పాఠశాలను మెచ్చి నివేదిక వ్రాసినను తల్లిదండ్రుల భయము తీరలేదు. 1829 నాటికి మిగిలినవారు ఐదారుగురే. అప్పులవారు వాకిట నిలిచిరి. ఇట్టి కష్టములలోనే 1826లో ఆయన మానవవిద్యను గూర్చిన తన ముఖ్యగ్రంథమును ప్రకటించెను.

1831 మొదలు ఆయన స్విట్జర్లాండులో పాఠశాలలను నడపెను. బుర్గ్‌డార్ఫ్ పట్టణమున అనాథశరణాలయమునకు అధ్యక్షుడయ్యెను. పిల్లలు బడికి వచ్చునప్పటికే వారి అలవాట్లు ముదిరిపోవుచున్నవనియు, అంతకు పూర్వమే వారి సంరక్షణ ప్రారంభింపవలెననియు ఆయనకు స్పష్టమయ్యెను. అందుచే ఏబదియైదేండ్ల వయస్సున, 1837లో, స్వదేశమందలి బ్లాంకెన్‌బుర్గ్ అను చిన్న పట్టణమున శిశువుల ఆటలకు, చేతిపనులకు ఒక సంస్థను స్థాపించెను. పసిపిల్లలకు చిత్రలేఖనమును, ఆకృతుల కల్పనను ఒక క్రమముతో నేర్పు పద్ధతి అచ్చటనే రూపొందెను. దానిని కొంత వివరముగా తెలిసికొనుట మంచిది.

ఫ్రోబెల్ శిశువుకిచ్చు ఆటవస్తువులకు 'బహుమానములు' అని పేరుపెట్టెను. మొదటి బహుమానము ఆరు రంగుల ఉన్నిబంతులు. అవి మెత్తనివి, దారమున వ్రేలాడునవి. పసిబిడ్డ వానితో ఆడుచు రంగును, కదలికను, దగ్గర దూరములను తెలిసికొనును. రెండవది కొయ్యతో చేసిన గోళము, ఘనము, స్తంభాకృతి. గోళము దొర్లును, ఘనము కదలక నిలుచును, స్తంభాకృతి నిలువబెట్టిన నిలుచును, పడవేసిన దొర్లును. ఒకదానికొకటి విరుద్ధములైన గోళఘనములను స్తంభాకృతి కలుపుచున్నది. మూడవది ఎనిమిది చిన్న ఘనములుగా విడిపోవు ఒక ఘనము. నాల్గవది ఎనిమిది ఇటుకలుగా విడిపోవునది. ఐదవదానిలో 27 ఘనములుండగా, అందు మూడింటిని సగములుగాను, మూడింటిని పాదములుగాను కోసియుండుటచే మొత్తము 39 ముక్కలగును. వానితో బాలుడు ఇంటికి వాలుకప్పు వేయగలడు. ఆ పిమ్మట పలుచని చతురములు, త్రిభుజములు. ఆపైని పుల్లలు, వలయములు. తుదకు గింజలు, గులకరాళ్లు. ఘనమునుండి తలము, తలమునుండి గీత, గీతనుండి చుక్క – ఇది ఆయన అమర్చిన సోపానము.

ఈ దిమ్మలను ఇచ్చు విధానమునందు గూడ పాఠము కలదు. పెట్టెను బల్లపై బోర్లించి, మూతను ప్రక్కకు లాగి, పెట్టెను మెల్లగా పైకెత్తవలెను. అప్పుడు ఘనము చెదరక సంపూర్ణముగా బిడ్డ ఎదుట నిలుచును. ఆట ముగిసిన పిమ్మట మరల ఆ రూపముననే అది పెట్టె చేరవలెను. కట్టినదానిని కూలద్రోయరాదు, ఒక్కొక్క ముక్కను జరుపుచు, ఉన్న రూపమునుండి కొత్త రూపమును పుట్టింపవలెను. ఏ ముక్కయు వ్యర్థముగా మిగులరాదు. మిగిలిన ఒక్క దిమ్మ ఇంటిముందరి అరుగైనను కావలెను, అరుగుపై కూర్చున్న తాతయైనను కావలెను.

బాలుడు కట్టు రూపములు మూడు విధములు. కుర్చీ, బావి, వంతెన మొదలగునవి జీవితరూపములు. ఎనిమిదింటిని రెండు నాలుగులుగా, నాలుగు రెండులుగా విడదీయుట జ్ఞానరూపము. గణితమునకు అది తొలిమెట్టు. నడుమ ఒక కేంద్రముంచి, నాలుగు వైపులను సమముగా దిమ్మలను పేర్చి, ఒకవైపు చేసిన మార్పును తక్కిన మూడువైపులను చేయుట సౌందర్యరూపము. మన ముంగిళ్లలో చుక్కలు పెట్టి ముగ్గు తీర్చు బాలిక ఏ న్యాయమును పాటించునో, ఆ న్యాయమే ఇందును కలదు. ఈ విధముగా ఒకే ఎనిమిది దిమ్మలతో బిడ్డ లోకమును, లెక్కను, అందమును నేర్చుకొనుచుండెను.

బహుమానములకు తోడు చేతిపనులు కలవు. సూదితో కాగితముపై చుక్కలు పొడుచుట, ఆ చుక్కలను రంగుదారముతో కుట్టుట, రంగుకాగితపు పట్టీలను చాపవలె అల్లుట, కాగితమును మడచుట, కత్తిరించుట, నానిన బఠాణీలకు పుల్లలు గ్రుచ్చి ఆకృతులు నిలుపుట, తుదకు మట్టితో బొమ్మలు చేయుట. ఇందు చుక్కతో మొదలై గీత, తలము, ఘనము వరకు తిరుగుప్రయాణము కనబడుచున్నది. చిత్రలేఖనమునకు గళ్లు గీచిన పలక నిచ్చెడివారు. బిడ్డ మొదట ఒక గడి పొడవు నిలువుగీత గీయును. పిమ్మట రెండు గళ్లు, మూడు గళ్లు. తరువాత అడ్డగీత, ఏటవాలుగీత. గీతలు చేతికి వశమైన పిమ్మట తన ఇష్టము వచ్చిన ఆకృతిని తానే కల్పించుకొనవలెను. నేర్పుట కొంత, కల్పించుకొనుట కొంత. ఈ రెంటి పొందికయే ఆ పద్ధతికి ప్రాణము.

ఇట్టి సంస్థకు ఏ పేరు పెట్టవలెనో ఫ్రోబెలునకు బహుకాలము తోచలేదు. బడి అనుట ఆయనకు ఇష్టము లేదు. ఒకనాడు మిత్రులతో కొండదారిని బ్లాంకెన్‌బుర్గునకు నడచుచుండగా, లోయ తోటవలె కన్నుల కగపడెను. ఆ క్షణముననే పేరు స్ఫురించెను: 'కిండర్‌గార్టెన్', అనగా పిల్లల తోట. శిశువులు మొక్కలు, ఉపాధ్యాయుడు తోటమాలి. 1840వ సంవత్సరము జూన్ 28వ తేదీన ఆ పేరు లోకమునకు ప్రకటింపబడెను. పిల్లల తోటకు స్త్రీలే తగిన సంరక్షకులని తలచి ఆయన యువతులకు శిక్షణ నిచ్చెను. స్త్రీలకు ఉద్యోగములు అరుదైన ఆ కాలమున ఇది సాహసమే. పలువురు ఉపాధ్యాయులు నవ్విరి.

1849లో ఆయన లీబెన్‌స్టైన్ అను ఊరికి మకాము మార్చెను. జుట్టు నెరసిన ఆ వృద్ధుడు పల్లెపిల్లలను వెంటబెట్టుకొని కొండపై గంతులిడుచు పాటలు పాడించుచుండగా, ఊరివారు పిచ్చిముసలివాడని పరిహసించిరి. ఆ ఊరికి వచ్చియున్న బెర్తా ఫాన్ మారెన్‌హోల్ట్స్ అను గొప్పయింటి వనిత ఆ మాట విని, స్వయముగా పోయి చూచి, అతడు పిచ్చివాడు కాడు, ఋషితుల్యుడని గుర్తించెను. నాటినుండి ఆమె ఆయన పద్ధతిని వ్యాపింపజేయుటకు పూనుకొనెను.

పని ఫలించుచున్న సమయముననే పిడుగు పడెను. 1851 ఆగస్టు 7వ తేదీన ప్రష్యా ప్రభుత్వము తన రాజ్యమున కిండర్‌గార్టెనులను నిషేధించెను. ఫ్రోబెల్ అన్నకొడుకైన కార్ల్ ఫ్రోబెల్ స్త్రీవిద్యను గూర్చి, పిల్లల తోటలను గూర్చి ఒక చిన్నపుస్తకమును వ్రాసియుండెను. ప్రభుత్వమువారు ఆ ఇరువురి అభిప్రాయములను ఒకటిగా కలిపివేసి, ఈ బడులు నాస్తికత్వమును నేర్పుచున్నవని నిందమోపిరి. జీవితమంతయు దైవభక్తితో గడపిన ఆ వృద్ధునకు ఇంతకన్న దుఃఖమేమున్నది? ఆ పుస్తకము తనది కాదని ఆయన విన్నవించుకొనెను. రాజునకు మనవి పంపుకొనెను. నిషేధము తొలగలేదు. ఉన్నిబంతులకు, కాగితపు మడతలకు ఒక గొప్ప రాజ్యము భయపడెను!

ఆయన మాత్రము పనిని మానలేదు. మారీన్‌తాల్ భవనమున శిక్షణ సాగించుచునే యుండెను. 1852 ఏప్రిల్‌లో ఆయన డెబ్బదియవ పుట్టినదినమును పిల్లలు పూవులతో, పాటలతో జరిపిరి. కొలదివారముల పిదప గోథా నగరమున ఉపాధ్యాయుల మహాసభ జరుగుచుండగా ఆయన లోనికి వచ్చెను. ఆయనను చూచినంతనే సభ యంతయు లేచి నిలిచెను. ఆ గౌరవమును పొందిన కొన్నాళ్లకే మంచమెక్కెను. తన పూవులను సంరక్షింపుడనియు, కలుపుమొక్కలను గూడ పెరికివేయవలదనియు, వానివలన తాననేకము నేర్చుకొంటిననియు ఆయన దగ్గరివారితో చెప్పెను. 1852 జూన్ 21వ తేదీన కన్నుమూసెను. ష్వైనా గ్రామమున ఆయన సమాధిపై ఘనము, స్తంభాకృతి, గోళము ఒకదానిపై నొకటి రాతితో నిలిపిరి. శిశువులకు ఆయన ఇచ్చిన రెండవ బహుమానమే ఆయనకు స్మారకచిహ్నమయ్యెను.

నిషేధము 1860లో తొలగెను. అప్పటికే ఆయన శిష్యురాండ్రు ఆ విత్తనములను దూరదేశములకు గొనిపోయిరి. అమెరికాలోని వాటర్‌టౌన్ పట్టణమున 1856లో మార్గరెథా షుర్ట్జ్ అను స్త్రీ అచ్చటి మొదటి పిల్లల తోటను తెరచెను. 1876లో ఫిలడెల్ఫియా నగరమున జరిగిన ప్రదర్శనములో ఒక తల్లి ఫ్రోబెల్ బహుమానములను చూచి, తన కుమారునకు తెచ్చియిచ్చెను. ఆ బాలుడే ఫ్రాంక్ లాయిడ్ రైట్. పెరిగి ప్రపంచప్రఖ్యాత శిల్పియైన పిమ్మట, ఆ నున్నని కొయ్యదిమ్మల స్పర్శ తన వ్రేళ్లను ఎన్నడును వీడలేదని ఆయన చెప్పుకొనెను. న్యూయార్కులో 1959లో తెరువబడిన గుగ్గెన్‌హైమ్ చిత్రశాల ఆయన కల్పనయే. ఫ్రోబెల్ శిల్పి కాలేకపోయెను. కాని ఆయన దిమ్మలు ఒక శిల్పిని పెంచినవి.

మన దేశమునకును ఆ గాలి సోకినది. మదరాసులో 1893లో తండలం సుందరరావు అను విద్వాంసుడు కాగితపు మడతలతో రేఖాగణితమును నేర్పు గ్రంథమును ఆంగ్లమున ప్రకటించెను. కిండర్‌గార్టెనులోని మడతపనియే తనకు ఆ ఊహ కలిగించినదని ఆయన తెలిపెను. జర్మను గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ దానిని పేర్కొనుటచే ఆ గ్రంథము విదేశములందు గూడ పేరుగాంచి, 1901లో చికాగోలో మరల ముద్రణ పొందెను. తురింగియా అడవులలో పుట్టిన ఊహ మదరాసు చేరి, మరల పడమటి దేశములకు పోయినది!

ఫ్రోబెల్ పద్ధతిలో లోపములు లేకపోలేదు. తరువాతివారు పెక్కుమంది సోపానక్రమమును పట్టుకొని, అందలి స్వేచ్ఛను విడిచిరి. సన్నని చుక్కలు పొడుచు పని చిన్నారుల కన్నులకు శ్రమ యగుచున్నదని గ్రహించి, పెద్ద దిమ్మలను, పెద్ద కాగితములను ప్రవేశపెట్టవలసివచ్చెను. తోటమాలి నాటిన మొక్కను తరువాతివారు కత్తిరించుచు సరిచేయుచు పెంచుట సహజమే గదా!

ప్రేమకు నోచుకొనని ఒక బాలుడు లోకమందలి పసిపాపలకు ప్రేమతో కూడిన బడిని నిర్మించి యిచ్చెను. తనకు దక్కనిదానిని ఇతరులకు దక్కించుట ఉత్తముల లక్షణము. బాలబాలికలారా! మీ యింట చెల్లెలో తమ్ముడో కాగితము మడచుచు, మట్టి పిసుకుచు కూర్చుండుట చూచినప్పుడు పనికిమాలిన ఆట యని కసరకుడు. దగ్గర కూర్చుండి, ఏమి చేయుచున్నావని అడుగుడు. ఆ చిట్టిచేతులలో ఒక మనస్సు రూపుదిద్దుకొనుచున్నది.